మైదానానికి ఒక కప్పు టీ

శనివారం వచ్చిందంటే గార్స్‌బీలో పనులన్నీ మధ్యాహ్నానికే కట్టేస్తారు. నేతమిల్లు మూతపడి ఏళ్లయినా ఆ అలవాటు పోలేదు. మెడకు ఎర్ర మఫ్లర్ చుట్టుకుని, వెనిగర్ చల్లిన చిప్స్ పొట్లం చేత్తో పట్టుకుని, ఊరు ఊరంతా ఫుట్‌బాల్ మైదానానికి నడుస్తుంది. అప్పటికే హిల్డా ఫిష్‌విక్ పెద్ద కెటిల్ పొయ్యిమీద పెట్టి ఉంటుంది. విరామంలో ఆటగాళ్లకూ, రిఫరీకీ, మైదానానికీ టీ ఇచ్చేది ఆవిడే.

గార్స్‌బీ విక్టోరియా మైదానం ఏటవాలు. ఒక గోల్ కాలువ వైపు, రెండోది గేటు వైపు. నడిమధ్యన కప్పు టీ, రెండు చెంచాల చక్కెర వేసి పోస్తే, మైదానం హాయిగా మూలిగి అవతలి పక్కకు ఒత్తిగిలుతుంది. మిట్ట పల్లమవుతుంది, పల్లం మిట్టవుతుంది. మొదటి సగం ఎత్తుకు ఎదురెక్కుతూ ఆడటం ఆతిథ్యమిచ్చే జట్టు మర్యాద. విరామం తర్వాత జట్లు వైపులు మారినా, మైదానమూ తిరగబడుతుంది కాబట్టి విక్టోరియాకు రెండో సగమూ ఎత్తే. క్లబ్బు పెట్టిన నేతగాళ్లు తమ టీలోంచి దానికింత పోసిన నాటినుంచీ ఇదే వరస. అందుకే లీగ్ పట్టికలో విక్టోరియా పేరు ఎప్పుడూ అడుగు వరసల్లోనే వేలాడుతుంది. కానీ లీగ్‌లోంచి మాత్రం ఒక్కసారీ జారిపోలేదు.

“పల్లానికి పరిగెత్తి గెలిచేదీ ఒక గెలుపేనా?” అనేవాడు హిల్డా తండ్రి. ఆవిడకు ముందు ఆ కెటిల్ ఆయన చేతిలో ఉండేది.

ఈ ఏడు విక్టోరియా పట్టికలో అట్టడుగున ఉంది. ఆఖరి ఆట, సరిగ్గా ఒక మెట్టు పైనున్న థోర్న్‌లీతో. గెలిస్తే లీగ్‌లో ఉంటారు, లేకపోతే లేదు. క్లబ్బు లీగ్‌లో ఉన్నంతకాలం మైదానం అమ్మకూడదని పాత నియమం. ఓడిపోతే చాలు, అమ్మేసి సూపర్‌మార్కెట్ కట్టిద్దామని ఛైర్మన్ పిల్లింగ్ కాచుకుని కూర్చున్నాడు. కొనేవాణ్ణి కూడా వెంటబెట్టుకొచ్చాడు.

మొదటి సగం అయ్యేసరికి థోర్న్‌లీ ఒక గోల్ ముందుంది. కెప్టెన్ డెరెక్ ఆయాసపడుతూ హిల్డా టీగదిలోకొచ్చి బల్లమీద కూలబడ్డాడు.

“కాళ్లలో పస లేదు ఆంటీ.”

“నోర్ముయ్. లేకపోతే తెచ్చుకో,” అంది హిల్డా.

అంతలో పిల్లింగ్ తలుపులోంచి తొంగిచూశాడు. “ఏం హిల్డా, మైదానానికి ఇంకా టీ పొయ్యలేదా? ఆనవాయితీ తప్పకూడదు కదా!”

క్లబ్బు పెట్టినవాళ్ల ఫొటోలు గోడమీంచి పీకించి అటకెక్కించిన మనిషి నోట ఆనవాయితీ మాట! హిల్డాకు అరికాలి మంట నెత్తికెక్కింది. కప్పు నింపుకుని మైదానం నడిమధ్యకు నడిచింది. టీ వాసనకు ఆవిడ కాళ్ల కింద గడ్డి నిక్కపొడుచుకుంది. తండ్రి మాట గుర్తొచ్చి, కప్పు ఒంచబోయి ఆగింది.

“మనం ఎత్తుకు ఆడింది మన పౌరుషానికి నాన్నా. ఈయనగారి బేరానికి కాదు.”

గీత దగ్గర నిలబడ్డ పిల్లింగ్ వైపే చూస్తూ, ఆ టీ మొత్తం ఆవిడే తాగేసింది.

మైదానం కదల్లేదు; జట్లు మాత్రం వైపులు మారాయి.

పల్లానికి ఆడటం ఎరగని కాళ్లాయె, విక్టోరియా వాళ్లు మొదట బంతిని దాటిపోయి బోర్లాపడ్డారు. “బ్రేకులెయ్యండ్రా!” అని జనం ఒకటే గోల. కాసేపటికి కుదురుకున్నారు. ఇన్నాళ్లూ ఎత్తెక్కి గట్టిపడ్డ గుండెలవి, ఇప్పుడు వాళ్లను ఆపేవాడే లేకపోయాడు. డెరెక్ ఒక గోల్ కొట్టి లెక్క సమం చేశాడు. ఆట ముగిసే ముందు, పస లేదన్న ఆ కాళ్లతోనే ఇంకొకటి కొట్టాడు. థోర్న్‌లీ వాళ్లు రొప్పుతూ పైకి చూస్తుండగానే ఆఖరి విజిల్ మోగింది.

హిల్డా ఏడ్చింది. కళ్లు తుడుచుకుని, ఈసారి మూడు చెంచాల చక్కెర వేసి, కప్పుతో పరుగున మైదానం మధ్యకు వెళ్లింది.

“ఆలస్యమైంది. ఏమీ అనుకోకు,” అంటూ పోసింది.

పిల్లింగ్ అప్పుడే కొనేవాణ్ణి తీసుకుని, మైదానానికి అడ్డంపడి గేటువైపు దిగుతున్నాడు. మైదానం మూలిగి ఒత్తిగిలింది. ఆయన ముందు గేటు పైకి లేచింది. నున్నటి బూట్లు జర్రున జారి, ఇద్దరూ చేతులు నేలకానించారు.

“ఎక్కండి మిస్టర్ పిల్లింగ్,” అంది హిల్డా ఖాళీ కప్పు దులుపుతూ. “మేం పుట్టినకాడ్నించీ ఎక్కుతూనే ఉన్నాం.”