చివర్లో ఆమె తలెత్తిందా?

ఎల్లారెడ్డిలో బీడీలు చేసే ఆడవాళ్లు టీవీని చెవులతో చూస్తారు. ఇందులో వింతేమీ లేదు. ఒడిలో చాట, చాటలో జర్ద పొగాకు, తడిపి కత్తిరించిన తునికాకు, మోకాలి పక్కన దారపు ఉండ. చుట్టడం వేళ్లకే వచ్చు గానీ, దారం కట్టేటప్పుడూ మూతి మడిచేటప్పుడూ కళ్లు కిందికి దిగక తప్పదు. బీడీ తర్వాత బీడీ కాబట్టి దిగిన కళ్లు పొద్దంతా కిందే ఉంటాయి. ఈ సంగతి సీరియళ్లు తీసేవాళ్లకు ఎవరో చెప్పినట్టున్నారు. అత్త కోడలి మీద కుట్ర పన్నిందంటే, ఆ కుట్రంతా ఆమె చేతే మూడుసార్లు పైకి చెప్పిస్తారు. వినేవాళ్లకు ఏ లోటూ రాదు.

ఆ ఆదివారం మధ్యాహ్నం శాంతవ్వ ఇంట్లో టీవీలో వచ్చింది మాత్రం సీరియల్ కాదు. ఆమె కొడుకు నితీష్ వాళ్ల రాక్ బ్యాండ్ మీద ఒక ఛానెల్ వాళ్లు తీసిన సినిమా. కామారెడ్డిలో షట్టర్ గది అద్దెకు తీసుకుని, గిటార్లూ డ్రమ్ములూ వాయించుకుంటూ పైకొచ్చిన నలుగురు పిల్లల కథ. వేషాలు వేసింది హైదరాబాద్ నటులే అయినా కథ నితీష్ చెప్పిందే. వాడకట్టు ఆడవాళ్లంతా ఎవరి చాట వాళ్లు పట్టుకుని మరీ వచ్చారు. సినిమా అయిందో లేదో అభిప్రాయాలు మొదలయ్యాయి.

"డ్రమ్ములు మంచిగ కొట్టిండు పోరడు. నితీష్ ఏషం ఏసినోనికి గా గొంతేంది? జలుబు చేసిందా?" అంది యాదవ్వ.

పక్కింటి నాగవ్వ దారం పళ్లతో కొరికి, తీరిగ్గా అసలు మాట అంది. "అందరున్నరు అక్కా. మేనమామ ఉన్నడు, కాలేజీ సారున్నడు, ఆఖరికి చాయ్ హోటలాయన సుత ఉన్నడు. నీ ముచ్చటే లేదు. వాడు తల్లి లేకుంటనే పుట్టిండా ఏంది?"

అందరూ నవ్వారు. శాంతవ్వ కూడా నవ్వింది. నవ్వుతూనే, కట్టిన బీడీకే మళ్లీ దారం కట్టింది.

నిజమే మరి. ఒక్కచోటైనా తల్లి గొంతు వినిపిస్తుందేమోనని ఆమె మొదటినుంచీ చెవులు రిక్కించుకునే కూర్చుంది. వినిపించలేదు. మొగుడు దుబాయ్‌లో ఉంటే ఒక్కతే పెంచింది వాడిని. ఆ గిటారు వాడు నేర్చుకున్నది ఈ ఇంట్లోనే, ఈ గోడకు వీపు ఆనించే. అంత కథ చెప్పినవాడు తల్లిని ఎక్కడ మర్చిపోయాడు? సాయంత్రం నితీష్ ఫోన్ చేసి, "అమ్మా, చూసినవా? ఎట్లుంది?" అని ఆత్రంగా అడిగితే, "మంచిగనే ఉంది" అని పెట్టేసింది. ఆ తర్వాత వాడు ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు. కోపమో ఏడుపో ఆమెకే తెలియదు గానీ అన్నం మాత్రం సహించలేదు. ఇక లాభం లేదని ఒక పొద్దున చాట అటక మీద పెట్టి కామారెడ్డి బస్సెక్కింది. నన్నెందుకు పెట్టలేదురా అని మొహం మీదే అడగాలి.

కండక్టర్‌కు ఆధార్ కార్డు చూపించి జీరో టికెట్ తీసుకుని కిటికీ పక్కన కూర్చుంది. లింగంపేట దాటాక, ముందు సీట్లోని ఇద్దరు కాలేజీ పిల్లల వాదన చెవిన పడింది.

"నువ్వెన్నన్నా చెప్పు లిదియా, ఆఖర్ల ఆమె తలెత్తలే. ఎత్తుతదనుకున్నప్పుడే తెర నల్లగైంది."

"ఎత్తింది అనిలా! మెడ కదిలింది, నేను చూసిన. నాకైతే బ్యాండు పాటల కన్నా ఆ తల్లే మస్తు నచ్చింది."

శాంతవ్వ ముందు సీటు కమ్మీ పట్టుకుని వంగింది. "ఏ బ్యాండు బిడ్డా?"

"మన కామారెడ్డి పోరగాండ్లదే ఆంటీ. ఆదివారం టీవీల వచ్చింది గద, చూడలేదా?"

"చూసిన. మొత్తం చూసిన. అందుల తల్లెక్కడుంది?"

పిల్లలిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "సినిమా అంతా ఆమెనే ఉంటది ఆంటీ!" అంది లిదియా. "ఒక్క మాట మాట్లాడది. కూసోని బీడీలు చేస్తనే ఉంటది. కొడుకు గిటారు తెచ్చినా, పాట కట్టినా తల ఎత్తది."

 ఈ పిల్లలు చూసింది వేరే సినిమానేమో అనుకుంది శాంతవ్వ. ఊరుకోలేక మళ్లీ తవ్వడం మొదలుపెట్టింది. ఆమె ఎక్కడ కూర్చుంటుంది, ఏ చీర కట్టుకుంటుంది, ఇల్లు ఎట్లుంటుంది అని ఆరాలు తీస్తుంటే పిల్లలకు నవ్వొచ్చింది. ఇంతలో వెనక సీట్లోని రుమాలు చుట్టుకున్న పెద్దాయన కల్పించుకున్నాడు.

"నేను సుత చూసిన. ఆమెకు కొడుకంటే పట్టింపు లేదు. పిలగాడు గంత మంచిగ పాడుతుంటే తల్లి గట్లుంటదా?"

"గట్లెట్లంటవ్ తాతా?" అనిల గిరుక్కున తిరిగింది. "చేతుల పని విడిస్తే పూటెట్ల గడుస్తది? తలెత్తకుంటే ఇననట్టా?"

"ఇన్నదని పిలగానికెట్ల తెలుస్తది బిడ్డా?" అన్నాడాయన, మెల్లగానే.

ఆ మాట శాంతవ్వకు కలుక్కున గుచ్చుకుంది. పెద్దాయన మీద కోపం రాబోయి, ఎందుకో రాలేదు. "ఆ ఆఖరుది ఒక్కసారి చూపియ్యవా బిడ్డా?" అని లిదియాను అడిగింది.

లిదియా ఫోన్‌లో ఆ చోటు వెతికి ఇచ్చింది. శాంతవ్వ రెండు చేతులా పట్టుకుంది. ఒడిలో చాట లేకుండా తెర చూడటం ఆమెకు ఎన్నాళ్లకో.

గోడకు ఆనుకుని గిటారుతో పిల్లవాడు. వాడి ముందు, సగం తెర నిండా, వంచిన ఒక తల. నడిపాపిడి, పాపిడికి అటూ ఇటూ నెరిసిన వెంట్రుకలు. ఒడిలో, అంచుకు పాత చీరపేలిక చుట్టిన చాట. ఆమె పొద్దున అటక మీద పెట్టి వచ్చిన చాట లాంటిదే. మొహం కనిపించదు. పిల్లవాడు పాట మొత్తం పాడి, ఆ పాపిడి వైపే చూస్తూ నిలబడ్డాడు. బీడీ చుట్టే చేతులు ఆగాయి. మెడ కదిలినట్టయింది. తెర నల్లబడింది.

తనే. ఆదివారం తన ఇంట్లో, తన ఎదురుగా, సినిమా పొడుగునా తనే ఉంది. చూడాల్సిన తను మాత్రం అప్పుడూ తల దించుకునే ఉంది.

వాడి పాటల్లో ఆమె విననిది ఒక్కటీ లేదు. ఏ పాట ఎక్కడ తడబడేవాడో, ఏ చరణం వదిలేసి మళ్లీ ఎత్తుకునేవాడో ఇప్పటికీ చెప్పగలదు. టీవీని చూసినట్టే కొడుకునూ చెవులతోనే చూసుకుంది. వాడికి ఎదురుగా కనిపించింది ఆ పాపిడి ఒక్కటే. ఆమెకు సిగ్గేసింది, దిగులేసింది, వాడిని అప్పటికప్పుడు చూడాలనిపించింది.

"ఇప్పుడు చెప్పు ఆంటీ, ఎత్తిందా లేదా?" అంది అనిల.

"తెల్వది బిడ్డా. పోయి అడుగుత," అంది శాంతవ్వ. తమాషాకు అంటోందనుకుని పిల్లలు నవ్వారు.

కామారెడ్డి బస్టాండ్‌లో దిగి ఆటోలో షట్టర్ గది దగ్గరికి వెళ్లేసరికి నితీష్ ఒక్కడే కూర్చుని గిటారు తుడుచుకుంటున్నాడు. తల్లిని చూసి ఉలిక్కిపడి లేచాడు.

"అమ్మా! ఫోనెందుకు ఎత్తుతలేవ్? సినిమా నచ్చలేదా?"

బస్సెక్కేటప్పుడు కూడబెట్టుకున్న ప్రశ్న ఎప్పుడో జారిపోయింది. "ఆఖర్ల ఆమె తలెత్తుతదా, ఎత్తదా?" అని అడిగింది.

నితీష్ నవ్వబోయి ఆగాడు. "అందరు గదే అడుగుతున్నరు. డైరెక్టర్ సుత అడిగిండు."

"నువ్వేమన్నవ్?"

"నాకు తెల్వది సార్ అన్న. గందుకే గాడ ఆపేసిండు."

 శాంతవ్వ ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని కొడుకు ఎదురుగా వేసుకుని కూర్చుంది. "గా పాట పాడు."

వాడు పాడాడు. ఒడిలో ఆమె వేళ్లు దారం కోసం వెతుక్కుంటుంటే ఒక చేత్తో ఇంకో చేతిని అదిమి పెట్టుకుంది. పై స్వరం అందుకునేటప్పుడు వాడి మెడ నరం ఉబికింది. చిన్నప్పుడు చేదు మందు మింగినట్టే కళ్లు గట్టిగా మూసుకున్నాడు. చూపుడు వేలి మీద తీగ ఒరుసుకుని గీత పడి ఉంది. ఇవేవీ చెవులు ఆమెకు చెప్పలేదు.

చరణం మధ్యలో నితీష్ కళ్లు తెరిచాడు. అలవాటుగా పాపిడి మీదికి పోయిన చూపుకు ఆమె కళ్లు ఎదురయ్యాయి. పదం తప్పాడు. తీగ సరిచేస్తున్నట్టు గిటారు మీదికి వంగిపోయి, ఎంతకీ తలెత్తలేదు.

"ఎందుకాపినవ్ రా?" అంది శాంతవ్వ. "పాడు. చూస్తున్న."