నూలు చుట్టిన డమ్మీ

బకెట్ నిండగానే నజీర్ దాన్ని పక్కకు జరిపి ఇంకోటి పెట్టాడు. గీజర్ అడుగు నుంచి నీళ్లు కుడితిలా చిక్కగా దిగుతున్నాయి. మధ్యమధ్య సున్నపు పెంకులు టకటకమని రాలుతున్నాయి. ఆ ఊరి బోరు నీళ్లంతే. ఆరు నెలలకోసారి ట్యాంకు కడిగించుకోమని ఇరవై ఏళ్లుగా ఇంటింటా చెబుతున్నాడు. విన్నవాళ్లను ఒక చేతి వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. చేతులు కాలాక ఆకులు పట్టుకునే జనం, ఆకుల కోసం మాత్రం నజీర్‌కే ఫోన్ చేస్తారు.

ఈ ఇంటి పిచ్చమ్మ కూడా గీజర్ గుర్రుమంటోందని పిలిచింది. కోడలు లక్ష్మీదుర్గ ప్రసవించి పన్నెండు రోజులయింది. బాలింతకు ఒళ్లు చురుక్కుమనే నీళ్లు పోయకపోతే వాతం చేస్తుందని పిచ్చమ్మ నమ్మకం. తెల్లవారుజామున వేసిన స్విచ్చి తొమ్మిదింటిదాకా తీయదు. వేడి హెచ్చుతగ్గులు చేసే మరను ఎప్పుడో హెచ్చు వైపు చివరికంటా తిప్పేసింది.

నజీర్ స్టూలు మీద నిలబడి పైపు వెంట చెయ్యి పోనిచ్చాడు. సేఫ్టీ వాల్వ్ దగ్గర వేలు ఆగింది. నీళ్లు కాగేటప్పుడు లోపల పెరిగే ఒత్తిడి బయటికి పోయే చిన్న రంధ్రం అది. అక్కడ చుక్కచుక్కగా కారుతుంది. కారాలి. ఆ రంధ్రానికి ఎవరో ఇత్తడి డమ్మీ, అంటే మరలున్న బిరడా, బిగించి మూసేశారు. పైగా వేడిని ఆపాల్సిన థర్మోస్టాట్ గార పట్టి ఎప్పుడో చచ్చిపోయింది.

ఏ బుద్ధిలేనివాడి పని ఇది అని తిట్టుకుంటూ డమ్మీని ఊడదీశాడు. దాని మరల చుట్టూ తెల్ల టేపు లేదు. ఎర్రరంగు పూసిన నూలు ఉంది.

ఆ చుట్టుపక్కల టేపుకు బదులు నూలు చుట్టే మెకానిక్ ఒక్కడే. ఆ నూలు చీరాలలో మగ్గాల కింద మిగిలినది, నజీర్ భార్య రసూల్‌బీ పుట్టింటివాళ్లు కండెలు కండెలుగా ఇచ్చి పంపేది.

అప్పుడు గుర్తొచ్చింది. నాలుగేళ్ల కిందట ఈ గోడకు కొత్తగా రంగు వేయించారు. చుక్కలు పడి చార కడుతోందని పిచ్చమ్మ గొణిగితే, పోనీలే పెద్దావిడ అని తనే మూసేశాడు. అడిగినవాళ్లను కాదనలేని మెత్తదనం అతనిది. దానికి ఊరంతా మంచోడని పేరు పెట్టింది. నజీర్‌కు సిగ్గుకంటే ముందు భయం వేసింది. పక్కగదిలో పసిబిడ్డ ఏడుస్తోంది.

నోరు మూసుకుని కొత్త వాల్వ్ బిగించి వెళ్లిపోవచ్చు. ఎవరికి తెలుస్తుంది? డమ్మీ చేత్తో పట్టుకుని స్టూలు దిగి పిచ్చమ్మ దగ్గరికి వెళ్లాడు.

"అమ్మా, ఈ డమ్మీ పెట్టింది నేనేనండి. పెట్టకూడదు. ఇవాళో రేపో పేలిపోయేది."

పిచ్చమ్మ చెరుగుతున్న చేటను పక్కన పెట్టింది. గొంతు పెంచలేదు.

"నాలుగేళ్లు మా నెత్తిన బాంబు పెట్టి, వచ్చినప్పుడల్లా టీ తాగి వెళ్లావా నజీరూ?"

అతను డమ్మీని ఆమె ముందు నేలమీద పెట్టాడు.

"ఇంకా ఎవరెవరి ఇళ్లల్లో పెట్టావు?"

ఆ ఇళ్లు గుర్తు చేసుకుంటూనే నజీర్ వాల్వ్, థర్మోస్టాట్ కొత్తవి బిగించి, చుక్క పడడం కళ్లారా చూసి, డబ్బు వద్దని బయటికొచ్చాడు. మెట్టు మీద కూర్చుని జేబులోంచి బీపీ మాత్రల పెట్టె తీశాడు. మాత్రలు అయిపోయి పదిరోజులయింది. దాన్ని చింపి, విప్పి, లోపలివైపు గుర్తొచ్చిన పేర్లు రాశాడు. పిచ్చమ్మది కాక తొమ్మిదిళ్లు తేలాయి. ఒకాయనకు ఫోన్ చేసి చూశాడు. బాగానే పనిచేస్తోందిగా, కాయ కోతలయ్యాక రావయ్యా అని ఆయన పెట్టేశాడు. ఫోన్లో అయ్యే పని కాదని మోపెడ్ ఎక్కాడు.

దారి పొడుగునా కళ్లాల్లో మిరపకాయలు ఎర్రగా ఆరబోసి ఉన్నాయి. ఘాటుకు దగ్గొచ్చింది. దగ్గితే ఎడమ భుజం లాగింది. పొద్దుటి నుంచీ చేతులు పైకెత్తి పనిచేసినందుకే అనుకున్నాడు. మొదటి ఇంట్లో, ఇదేదో కొత్త సామాను అంటగట్టే ఎత్తు అన్నారు. రెండో ఇంట్లో గోడ మళ్లీ పాడైతే ఎవరిది పూచీ అని నిలదీశారు. నచ్చజెప్పి రెండుచోట్లా డమ్మీ ఊడదీశాడు. మూడో ఇంట్లో ఎవరూ ఏమీ అడగలేదు, అదే ఎక్కువ కష్టమనిపించింది. నాలుగో ఇంట్లో పనయ్యేసరికి చొక్కా తడిసి వీపుకు అతుక్కుంది. మాఘమాసంలో అంత చెమట అతనికెప్పుడూ పట్టలేదు. పని అయిన ఇంటి పేరు అయినట్టు పెన్నుతో కొట్టేస్తూ వచ్చాడు. ఐదో ఇల్లు తాళం వేసి ఉంది. అందరూ చేలోకి వెళ్లారట.

మధ్యాహ్నం దాటాక నల్లపాడులోని తన ఇంటికి చేరాడు. అన్నం వద్దన్నాడు. భుజానికి కాపడం పెట్టమని, ఇంకా ఐదిళ్లున్నాయి, పొద్దుగూకేలోపు వెళ్లాలని రసూల్‌బీతో చెప్పాడు. పని బాగా దొరికిందనుకుని ఆమె సంతోషపడింది. ఆ ఇంట్లో గీజర్ లేదు. గిన్నెతో నీళ్లు పొయ్యి మీద పెట్టి, వేలు ముంచి చూసుకుని, గుడ్డ ముంచి పిండుకుని వచ్చింది. నజీర్ గోడకు ఆనుకుని ఉన్నాడు, గడ్డం గుండెలమీదికి వాలిపోయి ఉంది. రెండుసార్లు పిలిచింది. పొయ్యి మీద నీళ్లు మరగసాగాయి.

మసీదు నుంచి పెద్దలు వచ్చారు. చివరి స్నానం చేయించడానికి బట్టలు తీసినవాళ్లు, జేబులో ఉన్నవన్నీ రసూల్‌బీ చేతికిచ్చారు. మోపెడ్ తాళంచెవి, పెన్ను, అట్టముక్క. ఆమెకు చదువు రాదు. అటూ ఇటూ తిప్పి చూసింది. మాత్రల పెట్టె అని మాత్రం పోల్చుకుంది. ఎన్నాళ్లనుంచో మాత్రలు తెచ్చుకోమని పోరినది గుర్తొచ్చి భోరుమంది.

వాకిట్లో పక్కింటివాళ్లు తెచ్చి వేసిన బెంచీ ఒక కాలు పొట్టిదై ఊగుతోంది. పెద్దమనిషి ఒకాయన కూర్చోబోయి తూలాడు. ఆమె కళ్లు తుడుచుకుని, ఆ అట్టను నాలుగు మడతలు పెట్టి కాలి కింద దోపింది. బెంచీ కుదురుకుంది. నాలుగు పేర్లు కొట్టేసి, ఐదు పేర్లు కొట్టేయకుండా మిగిలిన ఆ అట్ట, వచ్చినవాళ్ల బరువుకు నేలకు అతుక్కుపోయింది.