తినేసే వచ్చాను

గాయత్రికి రక్తం ఎనిమిది నుంచి ఏడున్నరకి దిగిందని మీటరు చూపించగానే నాకు ఒళ్ళు మండింది. ఆమెకి ఏడో నెల. ఇంకా దిగితే కాన్పులో ప్రాణానికే ముప్పు. గుమ్మలక్ష్మీపురం నుంచి బండి మీద వచ్చి, బండి వెళ్ళని చోట నుంచి గంటసేపు కొండెక్కి, ప్రతి గురువారం ఈ పిల్లకి నేను చెప్పేది ఒకటే. ఇనుము మాత్రల్లోనే లేదు, మీ దొడ్లోనూ ఉంది. తోటకూర తిను, చోళ్ళు, అదే రాగులు, తిను, ఉలవలు తిను, సంతకెళ్తే ఎండు చేపలు తెచ్చుకో. కూరలో నిమ్మకాయ పిండుకో. తిన్న వెంటనే టీ తాగకు. ఇరవై రెండేళ్ళ నర్సు ఉద్యోగంలో ఈ మాటలకి నా నోరు అరిగిపోయింది.

తింటున్నావా అని గట్టిగా అడిగితే తల వంచుకుంది.

ఆమె మొగుడు స్వామి మేస్త్రీ పనికి చెన్నై వెళ్ళి నాలుగు నెలలైంది. అత్త కిందటి వానల్లో పోయింది. మిగతా నాలుగిళ్ళ వాళ్ళు తెల్లారితే పోడుకి పోయి చీకటి పడ్డాకే వస్తారు. పగలంతా ఆ గూడెంలో ఆమె, కోళ్ళు. ఆ నిశ్శబ్దం ఎలా ఉంటుందో నాకు తెలుసు. మా ఆయన పోయాక క్వార్టర్స్‌లో రెండు రోజులకి ఒకసారి అన్నం వార్చుకుని, నిలబడే ఆవకాయతో తింటాను. పేషెంట్లకి అది చెప్పను.

అనుమానం వచ్చి పొయ్యి దగ్గరికి వెళ్ళి మూతలు తీశాను. చోడి సంకటి, ఎండు చేపలు వేసిన తోటకూర, ఉలవచారు, పక్కన కోసిన నిమ్మకాయ. నేను చెప్పినవన్నీ ఉన్నాయి, ఏదీ ముట్టుకోలేదు. అప్పటికి ఒంటిగంట దాటింది. ఇంత వండి ఎవరికి దాచావని కసిరాను.

"నీకేనమ్మా" అంది. "ఇంటికొచ్చినోలు తిన్నాకే ఇంటోలు తినాలని మాయత్త సెప్పేది. నువ్వేమో ఎప్పుడూ తినీసొచ్చానంతావు. నీ మొకం సూత్తే తిన్నట్టుండదు. మరి నానెలాగ తింతాను?"

కొండోళ్ళ ఇంట మంచినీళ్ళు కూడా ముట్టకూడదని పెంచిన ఊరు మాది. ఇరవై రెండేళ్ళలో నీళ్ళ దాకా వచ్చాను, టీ దాకా వచ్చాను, అన్నం దాకా రాలేదు. తినేసే వచ్చాను, టీ ఒక్కటి చాలు అనేదాన్ని. ఆమె టీ పెట్టేది, ఇద్దరం తాగేవాళ్ళం. నేను దిగిపోయాక ఆ వంట కోళ్ళకి పోయేదట. టీ తాగొద్దని చెప్పడానికి వచ్చి, వారం వారం టీతోనే ఆమె కడుపు నింపి వెళ్ళానన్నమాట. సిగ్గుతో చచ్చిపోయాను.

మిగతా రోజుల్లో ఏం తింటావని అడిగాను. ఒక్కదానికి ఏటి వండుకుంతాను, టీలో రస్కు ముంచుకుంతాను అంది.

చేతులు కడుక్కుని కింద కూర్చున్నాను. ఆమె ముందు నాకు వడ్డించి, నేను ఒక ముద్ద మింగేదాకా చూసి, అప్పుడు తన పళ్ళెం తీసుకుంది. నేను పెట్టిందంతా తిన్నాను. ఆమె రెండుసార్లు సంకటి పెట్టుకుంది, నిమ్మకాయ తొక్క వరకూ పిండింది. ఎన్ని రోజుల ఆకలో అది. నాకు కూడా అంత రుచిగా తిని ఎన్నాళ్ళయిందో.

పళ్ళేలు తీస్తూ, "రేపేటి వండమంతావమ్మా?" అని అడిగింది.

రేపు నా డ్యూటీ కురుపాం వైపు. ఎల్లుండి ఇంకో కొండ. నా కింద పదిహేడు గూడేలున్నాయి. నేను మళ్ళీ వచ్చేది గురువారమే, నాకోసం చూడకు, రోజూ వండుకుని తిను, నీ కోసం కాకపోతే కడుపులో బిడ్డ కోసం తిను అని చేతులు పట్టుకుని బతిమాలాను.

ఆమె బుద్ధిగా తల ఊపింది.

"అలాగేనమ్మా" అంది. "అయితే గురువారమే వండుతాన్లే."