కాశింబీ తుడిచిన అద్దాలు

నేను ఒక చత్వారపు కళ్లద్దాల జతను. ప్రొద్దుటూరు బజారులోని ఒక ఇరుకు దుకాణంలో నా గాజును అరగదీసి, గోధుమరంగు చట్రంలో బిగించి, మగ్గం వర్కు చేసే కాశింబీ ముక్కు మీద కూర్చోబెట్టారు. ముక్కు మీద కూర్చున్నాక గర్వం రాకుండా ఉంటుందా? పెళ్లికూతుళ్ల జాకెట్ల మీద ఆమె జరీతో పువ్వులు కుడుతుంటే, అవన్నీ నా చలవే అనుకునేదాన్ని. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది.

ఒక సోమవారం పొద్దున ఆమె కుడి కంట్లో నల్లటి నలకలు కదిలాయి. ఒకటో రెండో ఏళ్ల తరబడి తిరుగుతూనే ఉండేవి, ఆమె పట్టించుకునేది కాదు. ఈసారి మిరియాల పొడి చల్లినట్టు ఒక్కసారిగా వచ్చిపడ్డాయి. దారప్పోగులు ఎగిరే గదిలో పనిచేసే మనిషికి ఏం తోస్తుంది? నన్ను తీసి కొంగుతో తుడిచింది. పెట్టుకుని, మళ్లీ తీసి తుడిచింది. పదిమందిలో అట్లా తుడుస్తుంటే నాకు తల కొట్టేసినట్టుండేది. మురికి నాలోనే ఉందని నేనూ నమ్మాను.

మర్నాటికి కంటి అంచున మెరుపులు మొదలయ్యాయి. జాకెట్టు నిండా చమ్కీలే కదా, అవే మెరుస్తున్నాయనుకుంది. కళ్లు మూసుకున్నా మెరుస్తున్న సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. చూపు తగ్గిందంటే చేతిలో సూది లాగేసుకుంటారని భయం. పైగా ఆ మాట ఒప్పుకోవడం ఆమెకు నామోషీ. చివరికి నన్ను దుకాణానికి తీసుకెళ్లి గాజు మార్పించింది. కొత్త గాజులోనూ అవే నలకలు కనిపిస్తే, దుకాణం వాడు నాసిరకం అంటగట్టాడని తిట్టుకుంది. మనుషులు తమ కంటిని తప్ప దేన్నైనా అనుమానిస్తారు.

వారం తిరక్కుండానే, కుడి పక్కనున్న చమ్కీల గిన్నెను మోచేత్తో పడేసింది. అక్కడ గిన్నె ఉన్నట్టే ఆమెకు కనబడలేదు. మగ్గానికి అవతల కూర్చుని కుట్టే ఓబులమ్మ సూది పక్కన పెట్టింది.

"అక్కా, ఆ అద్దాలు తీసి గోడ దిక్కు సూడు. ఒక్కో కన్ను మూసుకోని సూడు."

కాశింబీ నన్ను ఒళ్లో పెట్టుకుని తెల్లగోడను చూసింది. ముందు ఒక కన్ను, తర్వాత రెండోది మూసింది.

"నలకలు ఈడా ఉండాయి ఓబులమ్మా. ఒక పక్క నల్లగా పరదా దిగినట్టుండాది."

మధ్యాహ్నం బస్సుకే కంటి ఆసుపత్రికి వెళ్లారు. ఎప్పటి నుంచి అని డాక్టరమ్మ అడిగితే, కాశింబీ తల దించుకుని నిన్నటి నుంచి అంది. సోమవారం నుంచే అద్దాలు తుడుస్తోందని ఓబులమ్మ నిజం చెప్పింది. డాక్టరమ్మ కోప్పడలేదు. పాత నలకలు ఒకటి రెండు అట్లాగే ఉంటే సాధారణంగా భయం లేదట. ఒక్కసారిగా ఎక్కువైనా, మెరుపులు వచ్చినా, నీడ కమ్మినా ఆ రోజే రావాలట. మొదట్లోనే వచ్చుంటే కంటి వెనక పొరకు పడిన చిరుగును లేజరుతో ఆపేవాళ్లట. ఇప్పుడు పొరే ఊడింది, ఆపరేషను చేయాలి, చూపు ఎంత తిరిగొస్తుందో చెప్పలేమంది.

"అద్దాల తప్పనుకుంటి మేడమ్," అంది కాశింబీ, ఎవరి వైపూ చూడకుండా.

ఆపరేషను అయినా, ఆ కంటికిప్పుడు ముఖం ముందు వేళ్లు లెక్కపెట్టేంత చూపే మిగిలింది. ఎడమ కంటితో పెద్ద పూసల పని చేస్తోంది. నేను కిటికీ గూట్లో పడి ఉన్నాను. నన్నెవరూ నిందించడం లేదు, అదే నాకు మరీ సిగ్గుగా ఉంది. ఆ సోమవారం నేను ఆమె చేతిలోంచి జారి పగిలిపోయినా బాగుండేది. ఆ నలకలు నావి కావని ఆమెకు ఆ రోజే తెలిసేది.