డెల్మా ముక్కు మీది మచ్చ

పొద్దున్నే కాఫీ తాగేసి, తలకు రుమాలు చుట్టుకుని, మెడలో చిన్న అద్దం వేలాడేసుకుని డెల్మా పనిలోకి దిగింది. ఆరిజోనా ఎడారిలో చలికాలం గడపడానికి వచ్చేవాళ్ల ట్రైలర్లకు, అంటే ఆ చక్రాల ఇళ్లకు, మెరుగు పెట్టడంలో ఆమె తర్వాతే ఎవరైనా. ఆ మాట ఆమే చెబుతుంది, మొహమాటం లేకుండా.

ఇవాళ ఒరెగాన్ సముద్రతీరం నుంచి వచ్చిన ఆరిన్ ట్రైలర్ వంతు. పాతకాలపు అల్యూమినియం బండి. నవంబరులో అతను పైనున్న వార్నిష్ పూత తీయకుండానే రేకును తెగ తోముతుంటే, "ఏమయ్యా, చొక్కా విప్పకుండా ఒళ్లు రుద్దుకుంటావా?" అంది డెల్మా. అప్పటినుంచి ఇద్దరూ రాత్రి భోజనాలు కలిసే చేస్తున్నారు. జనవరిలో అతను, "నాతో ఒరెగాన్ వచ్చెయ్యరాదూ" అన్నాడు. ఆమె అలవాటుగా నవ్వేసి, "నీ వెనకాల తిరగడం తప్ప నాకేం పని లేదనుకున్నావా?" అంది. అతను మళ్లీ అడగలేదు. రేపే అతని ప్రయాణం. ఆ మాట ఎందుకన్నానా అని డెల్మా రోజూ తనను తాను తిట్టుకుంటూనే ఉంది, కానీ పైకి చెబితే పరువేం కావాలి?

పాలిష్ రాసి మిషన్ తిప్పితే నల్లటి జిడ్డు లేచింది. ఆ జిడ్డు పీల్చుకునేలా మైదా పిండి చల్లి గుడ్డతో తుడిచింది. రేకులో సన్నటి వాన, వెనక సముద్రం కనిపించాయి, పొయ్యి వెలిగిస్తూ ఆరిన్ కనిపించాడు. బాగా మెరుగెక్కిన రేకులో బండి తర్వాత ఆగబోయే చోటే కనిపిస్తుంది, అక్కడ ఉండబోయే మనుషులే కనిపిస్తారు. పక్క ట్రైలర్ లువెల్లా తొంగి చూసి, "గొడుగు కొనుక్కో ఆరిన్" అనేసి వెళ్లింది. మెరుగు పెట్టే డెల్మా ఏ బండితోనూ వెళ్లదు కాబట్టి, ఇన్నేళ్లలో ఏ రేకులోనూ తన మొహం చూసుకోలేదు. ముక్కుకంటిన నలుపు తుడుచుకోవడానికే మెడలో ఆ అద్దం.

మధ్యాహ్నానికి తలుపు పక్క రేకు ఒక్కటే మిగిలింది. దాన్ని తోమీ తోమీ, పిండి చల్లి తుడిచేసరికి, రేకులోని వానలో ఎవరో ఆడమనిషి గుడ్డ పట్టుకుని నిలబడి ఉంది. ముక్కు మీద నల్లటి మచ్చ. డెల్మా మెడలోని అద్దం ఎత్తి చూసుకుంది. అదే మచ్చ.

"ఆరిన్, ఇలా రా."

అతను వచ్చి చూశాడు. "ముక్కు మీద మచ్చ" అన్నాడు.

"నాకూ కనిపిస్తోందిలే. జనవరిలో నన్నేదో అడిగావు."

"నువ్వు నవ్వావు."

"మళ్లీ అడుగు. ఈసారి నవ్వను."

అతను టోపీ తీసి చేతుల్లో నలుపుతూ అడిగాడు. ఆమెకి నవ్వొచ్చేసింది.

"నవ్వనన్నావుగా?"

"వస్తున్నానయ్యా. నవ్వనీ."

ఆ సాయంత్రమే పిండి డబ్బా, మిషన్, గుడ్డలు అతని బండిలోకి ఎక్కించింది. మెడలోని అద్దం తీసి లువెల్లా చేతిలో పెట్టింది.

"అద్దం లేకపోతే ఎలాగే నీకు?" అంది లువెల్లా.

"బండి ఉందిగా" అంది డెల్మా.