నెత్తుటి గడ్డ

గద్బాన్ పిస్తోలు మడమతో డాక్టరు మూతి మీద కొట్టాడు. పెదవి చిట్లి నెత్తురు తెల్లకోటు మీద పడింది. అమారా ఊరి ఆసుపత్రి ఎమర్జెన్సీలో అదేమీ కొత్త కాదు. నర్సులు పక్క మంచాలను గోడవైపు లాగేసి తమ పని చూసుకున్నారు.

"గుండెనొప్పికి మందియ్యరా అంటే కాళ్ళ సంగతి నీకెందుకురా?"

మంచం మీద తమ్ముడు మిన్షిద్ మాట రాక, గాలి చాలక నోరు తెరిచి కొట్టుకుంటున్నాడు. పెదవులు నీలంగా మారాయి. పక్కన పెదనాన్న హాజీ ఖయ్యూన్ జపమాల తిప్పుతున్నాడు.

లోకంలో గద్బాన్ ప్రాణం పెట్టుకున్నది ఈ తమ్ముడొక్కడి మీదే. ఆ తమ్ముణ్ణి కాల్చిందీ తనే. పంచాయితీకి వెళ్ళి పగవాళ్ళతో రాజీపడి వస్తానన్నందుకు, మూడు వారాల కింద సొంత వాకిట్లోనే పిక్కలో తూటా దింపాడు. పగవాళ్ళే కాల్చారని పెదనాన్నకు చెప్పాడు. వీడు నోరు విప్పితే కొంప మునుగుతుందని వెనక గదిలో వేసి తాళం పెట్టాడు. మంచం దిగితే రెండో కాలూ తీస్తానన్నాడు. ఇప్పుడు తూటా దెబ్బ అని తెలిస్తే పోలీసులొచ్చి తమ్ముణ్ణి విడిగా అడుగుతారు. అందుకే ఆ కాలి మీద దుప్పటి కప్పి తెచ్చాడు.

డాక్టరు జుహేర్ కుర్రవాడే గానీ మొండివాడు. నెత్తురు తుడుచుకుని మళ్ళీ మొదలెట్టాడు.

"గాలి లోపలికి బాగానే పోతోందన్నా, చెవిపెట్టి విన్నాను. అయినా ఆక్సిజన్ పడిపోతోంది. అంటే ఊపిరితిత్తుల్లో నెత్తురు పోయే దారికి నెత్తుటి గడ్డేదో అడ్డం పడింది. ఆ గడ్డ ఎక్కడో కట్టి పైకొచ్చుంటుంది. ఒంటి మీద దెబ్బేమైనా ఉందా?"

"దర్గాలోని అబ్బాస్ మీద ఒట్టు, గీత కూడా లేదు!"

జుహేర్ దుప్పటి లాగేశాడు. తూటా గాయమున్న పిక్క రెండోదానికి రెట్టింపు వాచి నిగనిగలాడుతోంది. గద్బాన్ పిస్తోలు అతని కణతకు ఆనించాడు.

"ఎవరు కాల్చారో నాకక్కర్లేదు. ఎప్పుడు?"

"మూడు వారాలు" అన్నాడు హాజీ. "ఆ కుక్కలే కాల్చారు."

"కదలని కాల్లోనే నెత్తురు గడ్డకడుతుంది. ఇన్నాళ్ళూ ఒక్క అడుగైనా వేయించారా?"

గద్బాన్ మందుల బండిని ఒక్క తన్ను తన్నాడు. సీసాలు భళ్ళున పగిలాయి.

స్కానింగు దగ్గర వరసలో ఉన్నవాళ్ళను మెడపట్టి గెంటాడు. ఒక ముసలాయన నేల మీద పడినా తిరిగి చూడలేదు. లోపల తెరమీద, తెల్లగా వెలగాల్సిన నెత్తుటి దారుల్లో రెండువైపులా నల్లటి ముద్దలు. తిరిగి తెచ్చేసరికి బీపీ పడిపోయింది.

"గుండె కుడివైపు ఉబ్బిపోయింది. గడ్డను కరిగించే మందుంది. అది మానుతున్న గాయాన్నీ వదలదు, నెత్తురు కారి ప్రాణం పోవచ్చు. ఇవ్వకపోతే మాత్రం ఇప్పుడే పోతాడు."

"వాడు పోతే నువ్వూ పోతావ్."

"కాల్చేదేదో ముందే కాల్చు. నువ్వలా గురిపెడితే నా చెయ్యి నిలవదు."

గద్బాన్ పిస్తోలు నడుములో దోపుకుని గోడకు తల బాదుకుంటూ ఏడ్చాడు.

మందు ఎక్కింది. మిన్షిద్ పెదవులకు మెల్లగా రంగు వచ్చింది. జుహేర్ గద్బాన్ కళ్ళలోకి చూసి చెప్పాడు. "రేపటిదాకా వీడి మీద చెయ్యి పడకూడదు. చిన్న దెబ్బ తగిలినా లోపల నెత్తురు ఆగదు."

మిన్షిద్ ఆ మాట విన్నాడు. ముఖం మీది మాస్కు పక్కకు లాగాడు.

"పెదనాన్నా, కాల్చింది వాళ్ళు కాదు. వీడే."

"నోర్ముయ్!" గద్బాన్ చెయ్యి లేచింది.

"కొట్టరా అన్నా! ఎప్పుడూ కొట్టేవాడివేగా, కొట్టు!"

లేచిన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. మిన్షిద్ ఆగి ఆగి అన్నీ చెప్పాడు. తాళం సంగతి, మంచం దిగనివ్వని సంగతి, ఊపిరాడక గోడ కొడితే పట్టించుకోని రాత్రి సంగతి. ప్రతి మాటకూ గద్బాన్ పిడికిలి బిగుసుకుంది, విడింది.

హాజీ లేచి అతని నడుములోంచి పిస్తోలు లాక్కుని, దాంతోనే ముఖం మీద కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. గద్బాన్ అడ్డుకోలేదు. కళ్ళు తిరిగి ముందుకు తూలుతూ, తమ్ముడి మంచం తన ఎదురుగానే ఉందని చూసుకున్నాడు. ఒళ్ళు పక్కకు విసురుకుని పగిలిన సీసాల మీద పడ్డాడు.