పేరు పలకనిదే బరువు దిగదు

సంతకం పెడితేనే శవపేటిక బయటికి వస్తుందన్నాడు కాంట్రాక్టరు హరిప్రసాద్.

శంషాబాద్ విమానాశ్రయంలో సరుకులు దిగే గేటు ముందు, మే నెల ఎండలో, పొద్దున తొమ్మిదింటికి ఈ మాట అన్నాడు. పేటికలో ఉన్నది మా జీవన్. నా తమ్ముడి కొడుకు. బొంబాయి సముద్రంలో పనికి పోయినవాడు విమానంలో సామానుగా తిరిగొచ్చాడు. కాగితం వాడి పెళ్లాం శ్రీలత చేతిలో ఉంది. ఇంటర్ దాకా చదివిన పిల్ల. ఒకసారి చదివింది, మళ్లీ మొదటినుంచి చదివింది.

"సొంత ఇష్టంతో పోయిండని రాసిన్రు మామా. పోవద్దన్న జాగకు సొంత ఇష్టంతో పోయిండంట. గట్లెట్ల పోతడు?"

జీవితమంతా అడిగినవాడికీ అడగనివాడికీ జవాబు చెప్పినవాణ్ని నేను. అందులో సగం అబద్ధాలే. మా తాత గోల్కొండ ఫిరంగిని చంకలో పెట్టుకుని మూసీ దాటాడని, నడి ఏట్లో అలిసిపోతే ఫిరంగే ఆయన్ని ఎత్తుకుందని చెప్పి ఎందరినో నవ్వించాను. శ్రీలతకు మాత్రం జవాబు చెప్పలేకపోయాను.

ఆ గేటున్న చోట ఒకప్పుడు మా జొన్నచేను ఉండేది. విమానం దిగినప్పుడల్లా "మన చేనుకు పెద్ద మిడత పట్టిందిరా" అనేవాణ్ని. చిన్నప్పుడు జీవన్ పడిపడి నవ్వేవాడు. చివరికి ఆ మిడతే వాణ్ని తెచ్చి మా చేలోనే దించింది.

చేను పోయాక మా ఊరి మగవాళ్లం బరువులెత్తే ముఠాగా ఏర్పడ్డాం. ఇదేమీ మాకు కొత్త విద్య కాదు. వెనకటికి గుడిసె కప్పును నేల మీదే కట్టి, నలభై చేతులతో ఎత్తి, గోడల మీద పెట్టేవాళ్లం. కప్పు గోడకు జానెడు ఎత్తున ఉన్నప్పుడు ముఠా పెద్ద ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలవాలి. పిలిచినవాడు "బయటున్న" అనాలి. నా చెయ్యి గానీ కాలు గానీ బరువు కింద లేదని దాని అర్థం. ఒక్క పేరు పలకకపోయినా కప్పు దిగదు. వర్షం వచ్చినా దిగదు, పటేలు వచ్చి తిట్టినా దిగదు. ఇనుము వచ్చింది, క్రేన్లు వచ్చాయి. మేం ఆ పద్ధతి వదల్లేదు. గుడిసె కప్పుల కాలం నుంచి లెక్కేస్తే ముప్పై ఏళ్లు పేర్లు పిలిచింది నేనే. నా గొంతు రాజేంద్రనగర్ దాకా వినబడి అక్కడి ఎద్దులు కూడా "బయటున్నం" అనేవని చెప్పుకునేవాణ్ని. ముప్పై ఏళ్లలో మా ముఠాలో ఒక్క వేలు నలగలేదు. ఇది మాత్రం అబద్ధం కాదు.

మా ముఠాలో కొందరిని హరిప్రసాద్ తీసుకుపోయి సముద్రంలో చేయించే పనేమిటో చెప్పకపోతే ఈ కథ మీకు అర్థం కాదు. నూనె, గ్యాసు తీసే చోట ముందు సముద్రం అడుగున ఉక్కు కాళ్లు పాతుతారు. వాటి నెత్తిన డెక్కు పెట్టాలి. డెక్కు అంటే వట్టి బల్ల కాదు. యంత్రాలు, గొట్టాలు, మనుషులు పడుకునే గదులతో మూడంతస్తుల ఇనుప ఇల్లు. దాన్ని పెట్టడానికి రెండు దారులు. మొదటిది, కొండంత క్రేను ఉన్న ఓడను తెచ్చి ఎత్తి పెట్టడం. అటువంటి ఓడలు లోకంలో కొన్నే ఉన్నాయి, ఎప్పుడు పడితే అప్పుడు దొరకవు. రెండోది, డెక్కును బల్లపరుపు బార్జి మీద నిలబెట్టి, పోటు మీద నీళ్లు పెరిగినప్పుడు ఆ కాళ్ల మధ్యకు తోలుకుపోవడం. తర్వాత బార్జి పొట్టలోకి నీళ్లు వదులుతారు. బార్జి మెల్లగా కిందికి దిగుతుంది. డెక్కు కాళ్లు సముద్రంలోని కాళ్ల మీద కూర్చుంటాయి. బార్జి కింది నుంచి ఖాళీగా జారుకుంటుంది.

మా గుడిసె కప్పు పనే ఇది. అయితే మా గోడలు కదిలేవి కావు. సముద్రం మీద అల లేస్తే డెక్కు కాలు రోకలి, కింది కాలు రోలు. మధ్యలో రబ్బరు దిండ్లు పెడతారు. డెక్కును బార్జికి పట్టి ఉంచే ఉక్కు పట్టీలను గ్యాసుతో కోసేవాడు మా జీవన్. అల తగ్గేదాకా కోయకూడదు, కోసినవాళ్లంతా బయటికి వచ్చేదాకా నీళ్లు వదలకూడదు.

గేటు లోపలి నుంచి వీరరాఘవులు బయటికి వచ్చాడు. మా క్రేను డ్రైవరు. కాకినాడవైపు మనిషి, బడంగ్‌పేటలో స్థిరపడ్డాడు. బార్జి మీద చిన్న క్రేను నడపడానికి పోయి, పేటికతో పాటు అదే విమానంలో దిగాడు. హరిప్రసాద్ అతన్ని పక్కకు లాగబోయాడు. వీరరాఘవులు చెయ్యి విడిపించుకుని నేరుగా శ్రీలత దగ్గరికి వచ్చాడు.

"అమ్మా, నేను చూశానండి. అబ్బాయి తప్పేం లేదు. ఆ రోజు అల ఎక్కువగా ఉంది. వానాకాలం ముంచుకొస్తోంది, ఈ పోటు తప్పిపోతే మళ్లీ పదిహేను రోజులు ఆగాలని ఇంజనీర్ల మీద ఒత్తిడి తెచ్చారు. పట్టీలు కోయించారు. రబ్బరు దిండు పక్కకు జరిగిందని, చూసి రమ్మని అబ్బాయిని మళ్లీ కిందికి పంపించారు. వీళ్లే పంపించారండి. వైర్‌లెస్‌లో ఎవరో 'అంతా క్లియర్' అన్నారు. నీళ్లు వదిలేశారు."

"పేర్లు పిలువలేదా?" అన్నాడు మొగులయ్య. నా తర్వాత ముఠాను నడిపేవాడు.

"ఇది మీ ఊరి సంత కాదు, అరుపులు వద్దన్నారండి. వైర్‌లెస్ ఉంది కదా అన్నారు. ఆ వైర్‌లెస్ అబ్బాయికివ్వలేదు."

శ్రీలత ఏడవలేదు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టింది.

రోడ్డు వంతెన నీడలోకి పోయి కూర్చున్నాం. ఇరవై ఆరుగురం. మొగులయ్య ముందు నోరు తెరిచాడు.

"సంతకం పెట్టు బిడ్డా. ఎండ ముదురుతున్నది. వాన్ని మట్టి చేద్దాం. కొట్లాట తర్వాత జూద్దాం."

"సంతకం పెట్టినంక ఏం కొట్లాటనే?" అన్నాడు శేఖర్. జీవన్‌కు జోడీగా పనిచేసిన కట్టరు. "రెండో డెక్కు మోసే బార్జికి నా పేరే రాసిన్రు. రేపు నేను సచ్చినా గదే కాగితం. పేరు మారుస్తరంతే."

"అయితే పీనుగను గీడనే ఎండబెడదామా? నీ తమ్ముడైతే గట్లనే అందువా?"

"నా తమ్ముడే వాడు."

ఇద్దరూ లేచి నిలబడ్డారు. ఒకరినొకరు తోసుకునేవాళ్లే. అప్పుడు నేను చెప్పవలసింది చెప్పాను.

"ఆగున్రి. మొన్న వాడు నాకు ఫోన్ చేసిండు. 'పెద్దబాపు, గీడ పేర్లు పిలుస్తలేరు, జర భయమైతున్నది' అన్నడు. నేను నవ్విన. 'సముద్రం మీద సాబువైతివి, ఇగ నీకు పేరెందుకురా, నంబరుంటది' అన్న. వాడు గూడ నవ్విండు. ఫోన్ పెట్టేసిండు."

పైన వంతెన మీద కార్లు పోతున్నాయి.

"పని ఆపు, పేర్లు పిలిచేదాక దిగకు అని ఒక్క మాట చెప్పనైతి. మజాక్ చేసిన."

శ్రీలత నా వైపు చూసింది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది.

"నా బిడ్డ రేపు చదువుకుంటది మామా," అంది. "ఈ కాగితం దాని చేతికొస్తది. మా నాయిన తన తప్పుతోనే సచ్చిండు అని నేను సంతకం పెట్టినట్టు చదువుతది. నేను పెట్టను."

అదే సమయంలో హరిప్రసాద్ మా దగ్గరికి వచ్చాడు. గొంతు తగ్గించాడు. రావిర్యాల యార్డులో రెండో డెక్కుకు పోవలసిన మెట్ల చట్రం ఉంది. ఆ మధ్యాహ్నమే ట్రెయిలరు ఎక్కించాలి. ఎక్కకపోతే అది వానలకు ముందు సముద్రం చేరదు.

"మీ బాధ నాకు తెలుసు. ఇక్కడి సంగతి శ్రీలతగారు, నేను చూసుకుంటాం. మీరు వెళ్లి ఆ పని ముగించండి."

మొగులయ్య నన్ను చూశాడు. నేను మొగులయ్యను చూశాను. సంతకం పెట్టమన్నవాడే ముందు లేచాడు.

"పోదాం సార్. పనే గద."

శ్రీలత గేటు దగ్గరే ఉండిపోయింది. చూసుకుంటానన్న హరిప్రసాద్ మాత్రం మా వెనకే యార్డుకు వచ్చాడు. అందరూ ఎవరి తాడు వాళ్లు పట్టుకున్నారు. వీరరాఘవులు క్రేను ఎక్కాడు. చట్రం లేచింది, తిరిగింది, ట్రెయిలరు మీదికి వచ్చింది. దిమ్మెలకు జానెడు ఎత్తున ఆగింది. మొగులయ్య నా భుజం తట్టి పక్కకు జరిగాడు. నాలుగేళ్ల తర్వాత మళ్లీ నేను నిలబడ్డాను. గొంతు పాతదే.

"మొగులయ్యా."

"బయటున్న."

"శేఖర్."

"బయటున్న."

ఒక్కొక్కరూ పలికారు. ఇరవై నాలుగు పేర్లయ్యాయి.

"జీవన్."

తాళ్లు కదల్లేదు. వీరరాఘవులు మీట మీదినుంచి చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"జీవన్."

హరిప్రసాద్ గడియారం చూసుకున్నాడు. "ఏమిటిది? దించండి."

"పేరు పలకలేదు సార్," అన్నాను.

"అతను లేడు కదయ్యా. ఎవరో ఒకరు పలకండి, పని కానివ్వండి."

"మీరే పలుకున్రి," అన్నాడు శేఖర్. "మీరెట్లాగూ బయటనే ఉంటరు గద."

నవ్వు పుట్టవలసిన మాట. ఒక్కడూ నవ్వలేదు. వెల్డర్లు టోపీలు తీసి వచ్చారు. పెయింటు వేసే ఆడవాళ్లు వచ్చారు. ఒడిశా వాళ్లు, బీహారు వాళ్లు వచ్చారు. వాళ్లకు మా భాష రాదు. అయినా ఏ పేరుకు జవాబు రాలేదో వాళ్లకు అర్థమైంది. యార్డంతా తాళ్ల చుట్టూ నిలబడింది. హరిప్రసాద్ పైవాళ్లకు ఫోన్ల మీద ఫోన్లు చేశాడు. ఎండ నెత్తి మీదికి వచ్చి, పడమటికి వంగింది.

మూడు గంటలకు హరిప్రసాద్ విమానాశ్రయం గేటుకు ఫోను చేసి, శ్రీలత సంతకం అక్కర్లేదు, పేటిక ఇచ్చేయమని చెప్పాడు. మా ముందే చెప్పించాం. నాలుగున్నరకు అంబులెన్సు యార్డులోకి వచ్చింది. శ్రీలత దిగి, తెరిచిన తలుపు దగ్గర, పేటిక మీద చెయ్యి వేసి నిలబడింది. నా గొంతు అప్పటికి పోయింది. ఉన్నదానితోనే పిలిచాను.

"జీవన్."

ఆమె కొంగుతో పేటిక మీది దుమ్ము తుడిచింది.

"బయటున్నడు మామా," అంది.

ముప్పై ఏళ్లలో మొదటిసారి నా చేతిలోంచి తాడు జారింది. పక్కవాడు పట్టుకున్నాడు.

"అయిపోయింది కదా, దించండి," అన్నాడు హరిప్రసాద్.

"సముద్రం మీద గూడ పేర్లు పిలుస్తమని రాసియ్యున్రి," అన్నాడు మొగులయ్య. "అల తగ్గకుండ కోతకు పంపమని రాసియ్యున్రి."

హరిప్రసాద్ తల అడ్డంగా ఊపాడు. బరువును గాలిలో వదిలిపోయే అలవాటు మాకు లేదు. వీరరాఘవులు చట్రాన్ని తిప్పాడు. అందరం తాళ్లు పట్టి దాన్ని దించాం. ట్రెయిలరు మీద కాదు, పక్కన మట్టి మీద. తర్వాత ముఠా అంతా పేటికను భుజాల మీద ఎత్తుకుంది. అంత తేలికైన బరువు మేమెన్నడూ మోయలేదు. అంత దూరం కూడా మోయలేదు.

వాడిని మట్టి చేసి చేతులు కడుక్కుంటుండగా పోలీసులు వచ్చారు. పని అడ్డుకున్నామని తొమ్మిదిమందిని జీపెక్కించారు. ఠాణాలో జమేదారు పేర్లు పిలిచి రాసుకున్నాడు. "అనంతయ్య" అంటే అలవాటు కొద్దీ "బయటున్న" అన్నాను. లోపలున్నావని గదిమాడు. మొగులయ్య అన్నాడు, "ఈయన అబద్ధాలు నమ్మకున్రి సార్. జీవితంల నిజం చెప్పింది ఇయ్యాల్నే." జీవన్ పోయాక మేం నవ్వింది ఆ ఒక్కసారే. నవ్వుతూనే ఏడ్చాం.

ఆ పోటు దాటిపోయింది. వానాకాలమంతా సముద్రంలో రెండో డెక్కు కోసం పాతిన ఉక్కు కాళ్లు నెత్తిన ఏమీ లేకుండా నిలబడ్డాయి. యార్డు మూడుసార్లు ఆగింది. కొత్త ముఠాను తెచ్చారు. ఒడిశా వాళ్లే ఆ ముఠాకు మా పద్ధతి చెప్పారు. వాళ్లూ తాడు వదిలేశారు. కంపెనీ ఏ కాగితమూ రాసివ్వలేదు. శేఖర్‌కు మెమో ఇచ్చారు. వీరరాఘవులు పని పోయింది.

కార్తీకంలో రెండో డెక్కు ఎక్కించాల్సిన రోజు శేఖర్ బార్జి మీద ఉన్నాడు. వాడు చెప్పినదాన్నే చెబుతున్నాను, నాదేమీ కలపలేదు. కోతకు ముందు మావాళ్లు వైర్‌లెస్‌లు కింద పెట్టి వరుసగా నిలబడ్డారట. ఆపమని ఇంజనీరు అరిచాడట. ముందు జీవన్ పేరు పిలిచారట. అక్కడ శ్రీలత లేదు కదా, ఎవరూ పలకలేదు. ఆ మౌనంలో అందరూ నీళ్లకేసి చూశారట. అల ఎంత లేస్తున్నదో అప్పుడు కనిపించిందట. ఎక్కువగా ఉంది. గ్యాసు ఆపేసి కూర్చున్నారు.

మర్నాడు మళ్లీ పిలిచారు.